వేపాకు కషాయంలో వెండి

ఓటేసి బయటికొచ్చాక ఎవరైనా ముందు చూసుకునేది ఎడమ చేతి చూపుడు వేలే. సిరా పూసినప్పుడు ఊదా రంగులో ఉంటుంది. ఎండలో నడిచి ఇంటికి చేరేసరికి నలుపు తిరుగుతుంది. సబ్బుతో రుద్దినా, నిమ్మచెక్కతో తోమినా, కొబ్బరి పీచుతో గీకినా పోదు. చర్మం మీది మచ్చ కొన్ని రోజులకు పైపొరతో పాటు రాలిపోతుంది. గోరు మీదిది మాత్రం గోరు పెరిగి, మనం కత్తిరించుకునేదాకా అలాగే ఉంటుంది. 1962 సార్వత్రిక ఎన్నికల నుంచి ఈ సిరా మైసూరు పెయింట్స్ అండ్ వార్నిష్ కంపెనీలో తయారవుతోంది. మన హైదరాబాదులోని రాయుడు లేబరేటరీస్ కూడా ఇలాంటి సిరా చేస్తుంది.

ఆ సిరాలో మాయని సరుకు సిల్వర్ నైట్రేట్. అది చర్మం మీది ఉప్పుతో కలిసి సిల్వర్ క్లోరైడ్ అవుతుంది. దానికి వెలుతురు తగిలితే లోహపు వెండి అతి చిన్న రేణువులుగా విడివడుతుంది. తెల్లగా మెరవాల్సిన వెండి అంత చిన్న ముక్కలైనప్పుడు నల్లగానో గోధుమరంగులోనో కనిపిస్తుంది. ఈ అధ్యాయం ఒక రకంగా ఆ మచ్చ కథే. వేలి మీద వెలుతురు చేసిన పనిని ఇక్కడ ఆకు చేస్తుంది, అంతే.

నేను ఆ పని మొదటిసారి కళ్ళారా చూసింది ఒక డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో. ఫైనలియర్ అమ్మాయిలు నలుగురు ప్రాజెక్టు చేస్తున్నారు. ల్యాబు వెనకే వేపచెట్టు. ఇరవై గ్రాముల ఆకు కోసి, కడిగి, ముక్కలు చేసి, వంద మిల్లీలీటర్ల నీళ్ళలో కాసేపు మరిగించారు. చల్లారాక వడపోత కాగితంలో వడగట్టారు. లేత పసుపు కషాయం దిగింది. ఇంట్లో తట్టు పోసిన పిల్లలకు స్నానం చేయించేటప్పుడు వచ్చే వాసనే. ఇంకో బీకరులో సిల్వర్ నైట్రేట్ ద్రావణం ఉంది, లీటరుకు 0.17 గ్రాముల చొప్పున. పరిశోధన పత్రాల్లో దీన్నే ఒక మిల్లీమోలార్ అంటారు. చూడ్డానికి మంచినీళ్ళే. ఒకమ్మాయి పిపెట్‌తో కషాయం అందులోకి వదిలింది. మరుక్షణమే బీకరంతా తెల్లగా అయిపోయింది.

"సార్, పాలు విరిగినట్టయింది సార్!"

లెక్చరర్ గారు బీకరు ఎత్తి వెలుతురులో చూసి, "ఆకు ఏ నీళ్ళలో మరిగించావమ్మా?" అన్నారు. కుళాయి నీళ్ళలో సార్, అంది. ఆ కుళాయిలో వచ్చేది బోరు నీళ్ళు. బోరు నీళ్ళలో క్లోరైడ్ ఎక్కువ. క్లోరైడ్ కనిపిస్తే వెండి అయాన్ ఇంక ఎవరి మాటా వినదు, సిల్వర్ క్లోరైడై తెల్లటి తెట్టులా దిగిపోతుంది. ఇంటర్‌లో సాల్ట్ అనాలిసిస్ చేసిన ప్రతివాళ్ళూ చూసిన అవక్షేపమే అది. మళ్ళీ ఆకు కోశారు, ఈసారి డిస్టిల్డ్ వాటర్‌లో మరిగించారు. పావుగంటకు ద్రావణం తేనె రంగు పట్టింది. మేం క్యాంటీన్‌కి వెళ్ళి వచ్చేసరికి డికాషన్ అయి కూర్చుంది. లెక్చరర్ గారు జేబులోంచి లేజర్ పాయింటర్ తీసి వేస్తే మంచినీళ్ళ బీకరులో గీత కనబడలేదు. డికాషన్ బీకరులో మాత్రం ఎర్రటి దారం కట్టినట్టు ఈ గోడ నుంచి ఆ గోడకు వెలిగింది. కంటికి ఆనని రేణువులు వెలుతురును చెదరగొడితే కనిపించే దారం అది.

అక్కడ జరిగిందేమిటో చెప్పడానికి నాకు వంకాయ కావాలి. కోసిన వంకాయ ముక్కలు ఉప్పునీళ్ళలో వెయ్యకపోతే నల్లబడతాయి. అరటికాయా అంతే. వాటిలో పాలీఫినాల్స్ అనే పదార్థాలున్నాయి. కత్తి తగిలి కణాలు తెగగానే ఒక ఎంజైము సాయంతో అవి గాలిలోని ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్లు ఇచ్చేస్తాయి, నల్లబడతాయి. చెట్టుకు వగరునిచ్చేదీ ఈ జాతే. కరక్కాయ, వక్క, నేరేడు గింజ, దానిమ్మ తొక్క: నాలుక ఎక్కడ పిడచగట్టుకుపోతుందో అక్కడ ఎలక్ట్రాన్లు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న అణువులున్నాయని అర్థం. మరిగిస్తే ఎంజైము చచ్చిపోతుంది గానీ పాలీఫినాల్స్ నీళ్ళలోకి దిగుతాయి. వెండి అయాన్ అంటే ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న వెండి పరమాణువు. ఆక్సిజన్‌కు ఇచ్చే ఎలక్ట్రాన్‌ను ఆకు రసం దానికి ఇస్తుంది. అయాన్ మళ్ళీ పరమాణువవుతుంది. రసాయన శాస్త్రంలో దీని పేరు క్షయకరణం. కషాయంలోని చక్కెరలు, టెర్పీన్లు కూడా ఇందులో తలో చెయ్యి వేస్తాయి.

ఒంటరి వెండి పరమాణువు నీళ్ళలో ఊరికే ఉండదు. పక్కదాన్ని పట్టుకుంటుంది, అది ఇంకోదాన్ని. పది నానోమీటర్ల అడ్డకొలత గల గుండు తయారయ్యేసరికి అందులో సుమారు 30 వేల పరమాణువులుంటాయి. నానోమీటరంటే మీటరులో వందకోట్లవ వంతు. మనిషి వెంట్రుక మందం దాదాపు 80 వేల నానోమీటర్లు. ఆపేవాళ్ళు లేకపోతే గుండ్లు ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి, అడుగున బూడిదరంగు మడ్డిగా చేరతాయి. ఆపేది కూడా ఆకు రసమే. అందులోని ప్రోటీన్లు, పాలీఫినాల్స్ గుండు చుట్టూ తొడుగులా పట్టుకుంటాయి. పాత తెలుగు సైన్సు పుస్తకాల్లో ఇలాంటి ద్రావణాన్ని కాంజికాభం అనేవారు. గంజిలాంటిదని అర్థం. ఎవరు పెట్టారో గానీ మంచి పేరు, ఎందుకో వాడకంలోంచి జారిపోయింది.

రంగు సంగతి రెండు ముక్కల్లో. లోహంలో ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరుగుతాయి. గుండు అంత చిన్నదైతే వెలుతురు తగిలినప్పుడు ఆ ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఉయ్యాల ఊగుతాయి. వెండి గుండ్ల ఊపు 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యానికి అటూ ఇటూగా కుదురుతుంది. అది వెలుతురులోని ఊదా, నీలం భాగం. దాన్ని అవి మింగేస్తే మిగిలింది మనకు పసుపుగా కనిపిస్తుంది. గుండ్లు పెరిగి, రకరకాల సైజులు కలిస్తే గోధుమరంగు.

ఇంత చిన్నగా చేస్తే లాభమేమిటంటారా? పది గ్రాముల వెండిని ఒక ఘనంగా పోతపోస్తే దాని ఆరు ముఖాల వైశాల్యం కలిపి ఆరు చదరపు సెంటీమీటర్ల లోపే. పోస్టు బిళ్ళంత. అదే వెండిని పది నానోమీటర్ల ఘనాలుగా తరిగామనుకోండి, మొత్తం ఉపరితలం దాదాపు 570 చదరపు మీటర్లవుతుంది. మన లెక్కలో 680 గజాలు. బెజవాడలో ఆ స్థలం ధర చెబితే మీరు వెండి మాట మర్చిపోతారు. లోహంతో రసాయన చర్య ఏదైనా జరిగేది దాని ఉపరితలం మీదే. వెండి బరువు పెరగలేదు, పని చేసే చోటు పెరిగింది.

వెండికి సూక్ష్మజీవుల్ని చంపే గుణముందని ఆకు కషాయాలకు చాలా ముందే తెలుసు. లైప్‌జిగ్‌లో ప్రసూతి వైద్యుడు కార్ల్ క్రెడే 1881లో రాసిన పద్ధతి ఇది: పుట్టిన బిడ్డ కళ్ళలో రెండు శాతం సిల్వర్ నైట్రేట్ చుక్క వెయ్యడం. తల్లి నుంచి సోకే గనేరియా వల్ల గుడ్డివాళ్ళు కావలసిన ఎంతమంది పిల్లల కళ్ళను ఆ చుక్క నిలబెట్టిందో లెక్క తేలదు. 1968లో చార్లెస్ ఫాక్స్ సిల్వర్ సల్ఫాడయజీన్ తెచ్చాడు. కాలిన గాయాలకు రాసే తెల్లటి మందు అదే, ఇప్పటికీ ప్రతి మందుల షాపులో దొరుకుతుంది.

ఎలా చంపుతుందో మన ఆడపిల్లల పట్టీలు చెబుతాయి. కొత్త పట్టీలు కొన్నాళ్ళకు నల్లబడతాయి. కుంకుడు రసంతో తోమితే మళ్ళీ మెరుస్తాయి, మళ్ళీ నల్లబడతాయి. గాలిలో, చెమటలో ఉండే గంధకం వెండిని పట్టుకుని సిల్వర్ సల్ఫైడ్ చేస్తుంది. వెండికి గంధకమంటే అంత మోజు. బాక్టీరియా ఊపిరి తీసుకోవడానికి వాడే ఎంజైముల్లో, పైపొర ప్రోటీన్లలో గంధకమున్న చోట్లు చాలా ఉన్నాయి. వెండి అయాన్ వెళ్ళి వాటికి అతుక్కుంటే ఎంజైము ఆకారం చెడుతుంది, పని ఆగుతుంది. ఒకచోట కాదు, ఒకేసారి పదిచోట్ల.

అయితే చంపేది అయానా, గుండా? పదేళ్ళ పాటు దీని మీద తగువు నడిచింది. గుండ్లు బాక్టీరియా పొరను చీల్చుకుని లోపలికి పోతాయని చాలామంది బొమ్మలు వేసి మరీ చూపించారు. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2012లో ఒక సులువైన పరీక్ష పెట్టారు. గుండులోంచి అయాన్ ఊడి రావాలంటే ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్ లేని చోట గుండ్లనీ, ఇ.కోలై బాక్టీరియానీ కలిపి ఉంచారు. బాక్టీరియాకు చెప్పుకోదగ్గ నష్టమేమీ కలగలేదు. అయాన్లు చేరిస్తే చచ్చింది. అంటే గుండు, అదే నానోకణం, అంబులపొది; బాణం అయాన్. పొది చిన్నదైతే బాణాలు త్వరగా బయటికొస్తాయి. ఉపరితలం ఎక్కువ కదా.

ఇక ఆకు సంగతికొద్దాం. 1889లో ఫిలడెల్ఫియాలో కేరీ లీ అనే రసాయనవేత్త ఐరన్ లవణంతో పాటు సిట్రేట్ వాడి వెండి కాంజికాభం చేశాడు. 1951లో టర్కెవిచ్ బంగారానికి వాడిందీ సిట్రేటే. సిట్రేట్ అంటే నిమ్మకాయ పులుపుకు చుట్టం. కాబట్టి మొక్క సరుకుతో నానోకణాలు చెయ్యడం పూర్తిగా కొత్తదేమీ కాదు. 2002లో అమెరికాలో ఎల్ పాసోలో గార్డియా టొరెస్‌డే బృందం బతికున్న లూసర్న్ మొక్కలకు బంగారు లవణం పెట్టి, మొక్క లోపలే బంగారు నానోకణాలు తయారైనట్టు చూపించింది. మన దేశంలో ఈ పనికి పుట్టినిల్లు పుణెలోని నేషనల్ కెమికల్ లేబరేటరీ. మురళీ శాస్త్రి, అబ్సర్ అహ్మద్ అక్కడ ముందు బూజులతో మొదలుపెట్టారు. బూజుకు రోజులు పట్టింది. 2004లో వేపాకుతో వెండి, బంగారం, రెండూ కలిసిన కణాలు చేశారు. ఆకుతో గంటల్లో తేలింది. అదే ఏడాది నిమ్మగడ్డి కషాయంతో చేసిన బంగారు కణాలు గుండ్లుగా కాకుండా పల్చటి త్రికోణాలుగా వచ్చాయి. నాకు మటుకు ఈ రంగంలో అందమైన పని అదే. ఆకారాన్ని ఆకు నిర్ణయించిందన్న మాట.

ఆ తర్వాత వరద. తులసి, గోరింట, కరివేపాకు, మునగ, ఉత్తరేణి, జిల్లేడు, చింత, మారేడు: పెరట్లో ఉన్న ఏ చెట్టునూ వదల్లేదు. చవకగా, పెద్ద పరికరాల్లేకుండా జరిగే పని కాబట్టి మన యూనివర్సిటీల్లో, జిల్లా కాలేజీల్లో వందల మంది దీనితో పరిశోధన నేర్చుకున్నారు. అది మంచిదే. కానీ ఆకు మారితే చాలు, కొత్త పేపరయ్యింది. నల్లబడింది, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో గుండ్లు కనబడ్డాయి, పెట్రి పళ్ళెంలో చుట్టూ బాక్టీరియా పెరగని ఖాళీ వలయం వచ్చింది, అయిపోయింది. ఆ వలయాన్ని నేనంతగా నమ్మను. అగర్ జెల్లులో గుండ్లు సరిగ్గా కదలలేవు. అంతదూరం వెళ్ళింది ఎక్కువగా అయాన్లే. అసలు చర్యలో పాల్గొనకుండా మిగిలిపోయిన సిల్వర్ నైట్రేటే ఆ వలయం చేసి ఉండొచ్చు. దాన్ని కడిగి తీసేశారా, ఒట్టి కషాయం పక్కన పెట్టి పోల్చారా అని చూడాలి. ఎక్స్‌రే పటంలో వెండివి కాని శిఖరాలుంటే అవి సిల్వర్ క్లోరైడ్‌వి కావచ్చు. ఆకులోనే క్లోరైడ్ ఉంటుంది, బోరు నీళ్ళే అక్కర్లేదు.

ఇక్కడ అతి మామూలుగా జరిగే పొరపాటు ఒకటుంది. వేపతో చేశారు గనుక అందులో వేప గుణం కూడా చేరి మందు రెట్టింపవుతుందని. వేప వెండికి ఇచ్చింది ఎలక్ట్రాన్. వేప ఇచ్చిన ఎలక్ట్రాన్‌కీ, చింతాకు ఇచ్చిన ఎలక్ట్రాన్‌కీ తేడా లేదు, ఎలక్ట్రాన్‌కు చేదుండదు. తొడుగులో వేప అణువులు కొన్ని మిగులుతాయి, నిజమే. అవి కణం ఎంతకాలం విడివిడిగా నిలుస్తుందో, అయాన్లు ఎంత వేగంగా వదులుతుందో మారుస్తాయి. అంతవరకూ ఆకుకు పాత్ర ఉంది. చెట్టు మహిమ అనడానికి అది చాలదు.

ఇదే ఆకు పద్ధతి జింకు దగ్గరికొచ్చేసరికి కథ అడ్డం తిరుగుతుంది. వెండి అయాన్‌కు ఎలక్ట్రాన్ అంటే ఆకలి. ఆ ఆకలిని వోల్టుల్లో కొలుస్తారు, వెండికి 0.80. రాగికి 0.34. జింకుకు సున్నా కన్నా కింద, మైనస్ 0.76. ఎంత వగరు కషాయమైనా జింకు చేత ఎలక్ట్రాన్ పుచ్చుకునేలా చెయ్యలేదు. రాగి కొంతవరకు లొంగినా గాలి తగిలితే ఆక్సైడ్ అయిపోతుంది. మరి ఆకులతో చేసిన జింకు ఆక్సైడ్ నానోకణాలంటూ వచ్చే పేపర్ల సంగతి? చాలావాటిలో కషాయంతో కలిపి ఆరబెట్టిన ముద్దను 400, 500 డిగ్రీల ఫర్నేసులో కాలుస్తారు. ఆ వేడికి ఆకు పదార్థమంతా కాలిపోతుంది. మిగిలిన పొడికి ఆకు పేరు పెట్టడం పెళ్ళికి రాని చుట్టాన్ని ఫొటోలో చూపించడమే. దాన్ని హరిత పద్ధతి అనడానికి కరెంటు బిల్లు కూడా ఒప్పుకోదు.

వెండి విషయంలోనూ ఆ 'హరితం' సగమే. పాల్ అనస్తాస్, జాన్ వార్నర్ 1998లో హరిత రసాయన శాస్త్రానికి పన్నెండు సూత్రాలు రాశారు. వాటితో తూచి చూస్తే, ఎలక్ట్రాన్లివ్వడానికి మామూలుగా వాడే సోడియం బోరోహైడ్రైడ్, హైడ్రజీన్ లాంటి ప్రమాదకర సరుకు మానేసి ఆకు వాడటం నిస్సందేహంగా మంచిదే. కానీ బీకరులోకి వచ్చిన సిల్వర్ నైట్రేట్ ఎక్కడిది? వెండిని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి చేసింది. అక్కడ లేచే గోధుమరంగు పొగ మన వేపచెట్టు దాకా రాదు కాబట్టి మనకు కనపడదు. ఇంకో చిక్కు ఆకుదే. చైత్రంలో ఎర్రటి చిగురు వేరు, ఆషాఢంలో ముదురాకు వేరు. ఎర్రనేల చెట్టు వేరు, నల్లరేగడి చెట్టు వేరు. పాలీఫినాల్స్ పాళ్ళు మారితే గుండు సైజు మారుతుంది. ఈ వారం చేసిన మందు, వచ్చే నెల చేసిన మందు ఒకటే అని రాసివ్వలేనివాడికి ఏ ఔషధ నియంత్రణ అధికారీ అనుమతి ఇవ్వడు. ఇన్ని పేపర్లకూ మార్కెట్లో సరుకు తక్కువగా ఉండటానికి నాకు కనిపించే కారణం ఇది.

వెండి నానోకణాలు ఇళ్ళలోకి వచ్చిన దారి వేరు. 2009లో వచ్చిన టాటా స్వచ్ నీళ్ళ ఫిల్టరులో వరి ఊక బూడిద మీద నానో వెండి పట్టించారు. బూడిద జల్లెడ, వెండి కావలి. నీళ్ళలోకి జారే వెండికి హద్దుంది. మన తాగునీటి ప్రమాణం లీటరుకు 0.1 మిల్లీగ్రాము. ఆ హద్దు ఊరికే పెట్టలేదు. కొలాయిడల్ సిల్వర్ పేరుతో సీసాల్లో అమ్మే నీళ్ళను సర్వరోగ నివారిణి అనుకుని నెలల తరబడి తాగినవాళ్ళకు ఒళ్ళు నీలంగా, బూడిదరంగుగా మారింది. చర్మంలో చేరిన వెండి ఎండకు నల్లబడుతుంది. ఓటు వేలి కథే, కాకపోతే ఈ మచ్చ మొహమంతా ఉంటుంది, గోరులా పెరిగి పోదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1999లోనే ఇలాంటి మందుల్ని క్షేమమైనవిగా, పనిచేసేవిగా ఒప్పుకోం అని చెప్పింది. 2020లో కరోనాకు మందంటూ అదే సరుకు మళ్ళీ అమ్మకానికి వస్తే మళ్ళీ హెచ్చరించాల్సి వచ్చింది.

బాక్టీరియా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1975లో బోస్టన్‌లో ఒక ఆసుపత్రి కాలిన గాయాల వార్డులో సిల్వర్ నైట్రేట్‌కు లొంగని సాల్మొనెల్లా బయటపడింది. వెండిని బయటికి తోసేసే పంపులు, పట్టి బంధించే ప్రోటీను దానికున్నాయని 1999లో ఒక బృందం జన్యువులతో సహా తేల్చింది. ఆ బృందంలో ముఖ్యుడి పేరు సైమన్ సిల్వర్! కొందరికి ఇంటిపేరే ఉద్యోగం.

అంతకన్నా వింత 2018లో నేచర్ నానోటెక్నాలజీ పత్రికలో వచ్చింది. చెక్ దేశంలో ఒలొమౌట్స్ నగరం వాళ్ళు ఇ.కోలైని, సూడోమోనాస్‌ను చంపీ చంపనంత వెండి నానోకణాల్లో తరం తర్వాత తరం పెంచారు. కొన్నాళ్ళకు అవి చావడం మానేశాయి. జన్యువులు చూస్తే ఏమీ మారలేదు. బాక్టీరియా ఈదడానికి తోకలు చేసుకునే ఫ్లాజెలిన్ అనే ప్రోటీనును బయటికి వదులుతోంది. ఆ జిగురుకు గుండ్లన్నీ ముద్దకట్టి అడుగున పడుతున్నాయి. అంబులపొదులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కణాల తొడుగును రకరకాల పాలిమర్లతో గట్టిపరిచి చూశారు, లాభం లేకపోయింది. చివరికి దానిమ్మ తొక్క కషాయం కలిపారు. ఫ్లాజెలిన్ తయారీ ఆగింది, వెండి మళ్ళీ పని చేసింది.

చెట్టు మహిమ గురించి పైన నేను రాసిన దాన్ని ఇక్కడ కాస్త సవరించుకోవాలి. ఈ బీకరులో తొక్క ఎలక్ట్రాన్లు ఇవ్వడానికి రాలేదు, తొడుగు కావడానికీ రాలేదు. అది నేరుగా బాక్టీరియా మీదే పని చేసింది. మా అమ్మమ్మ కడుపు నొప్పికి ఎండబెట్టిన దానిమ్మ తొక్కను మజ్జిగలో అరగదీసి ఇచ్చేది. ఆ వగరుకు మొహం తిప్పుకుంటే ముక్కు మూసి మరీ పోసేది.